యాభై ఒకటో పేజీ

అట్టపెట్టెలన్నీ విప్పేసరికి పదిన్నర అయింది. బైండింగు గదిలో బల్ల మీద, బల్ల కింద, గోడ వారన, చివరికి ఆమె కూర్చోవలసిన స్టూలు మీద కూడా పుస్తకాలే. ఆరువందల పన్నెండు. అన్నీ ఒకే పుస్తకం. అట్ట మీద ఒక ఆడమనిషి ముఖం గీశారు, కళ్ళూ ముక్కూ ఉండవలసిన చోట ఖాళీ వదిలేశారు. ఎటు తిరిగినా ఆ ఖాళీయే ఆమెను చూస్తోంది.

"ఇదమ్మా ఈ ఏటి ఉమ్మడి పుస్తకం," అన్నాడు లైబ్రేరియన్ గుమ్మంలో నిలబడి. "కొత్తగా చేరిన పిల్లలందరూ ఇదే చదవాలి. చదివి చర్చించుకోవాలి. గురువారం పొద్దున్నే పంచాలన్నారు చర్చలు నడిపే మేడమ్."

"ఇవాళ సోమవారం సార్."

"అందుకే నీకు చెబుతున్నా. ఇంకొకళ్ళకి చెబితే, ఏ నెల్లో గురువారం అని అడుగుతారు."

తన మాటకు తనే కాస్త నవ్వుకుని, గొంతు తగ్గించాడు. "నీ ఫైలు నా బల్ల మీదే ఉంది. నెలాఖరుకి సంతకం పెట్టి పైకి పంపిస్తా. తొమ్మిదేళ్ళు టెంపరరీ ఏమిటి, వినడానికే బాగాలేదు."

ఆమె తల ఊపింది. సంతోషించవలసిన మాట అని తెలుసు. సంతోషం వచ్చేటప్పుడు లోపల ఏదో కదలాలి. ఆ కదలిక కోసం కాసేపు చూసింది. ఏమీ కదల్లేదు. స్టూలు మీది పుస్తకాలు దించి కూర్చుంది.

ఆయన వెళ్ళబోతూ అలవాటుగా కిటికీ దాకా నడిచాడు. గడియ మీద చెయ్యి వేసి, తియ్యకుండానే వెనక్కి తీసుకున్నాడు. రెండు నెలలుగా ఆ కిటికీ ఎవరూ తెరవడం లేదు. దాని కింద నేల మీద రెండు చెక్కపలకలు, పైపలక మీద ఇటుకలు, పలకల నడుమ నలభై మూడు పుస్తకాలు. వానలో తడిసి ఉబ్బినవి. వారానికోసారి ఆమె ఇటుకలు దించి, పేజీల మధ్య తేమ పీల్చే కాగితాలు మార్చి, మళ్ళీ ఇటుకలు పేరుస్తుంది. అవి ఎండాయి గానీ చదును కాలేదు. కిటికీ వెయ్యకుండా ఇంటికి పోయిందని ఊడ్చే పెద్దక్కను పనిలోంచి తీసేశారు.

ఒక్కో పుస్తకానికి నాలుగు పనులు. మొదటి పేజీ వెనక లైబ్రరీ ముద్ర. దాని కింద వరస నంబరు. వెనక అట్ట లోపల కార్డు సంచీ అతికించడం. ఆఖరిది రహస్యపు పేజీ. ఈ లైబ్రరీలో ఏ పుస్తకానికైనా యాభై ఒకటో పేజీ అడుగున, సరిగ్గా మధ్యలో, సీసా మూతంత గుండ్రటి ముద్ర పడాలి. దొంగ మొదటి పేజీ చించేసినా, అట్ట మార్చేసినా, ఆ పేజీ తెరిస్తే పుస్తకం ఎవరిదో తెలుస్తుంది. ఆ నంబరు లోపలి వాళ్ళకు తప్ప తెలియకూడదు.

ఆ పని వల్ల ఈ తొమ్మిదేళ్ళలో ఆమె కొన్ని వేల యాభై ఒకటో పేజీలు చదివింది. సిరా ఆరేదాకా పుస్తకం మూయకూడదు. ఆ కాస్త సేపూ కళ్ళు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఏ కథకూ మొదలు తెలియదు, చివర తెలియదు, నడుమ ఒక్క పేజీ తెలుసు. ఎవరో ఎవరికోసమో స్టేషనులో ఎదురుచూస్తుంటారు. ఒక రాజు జబ్బుపడి ఉంటాడు. లోహాలు వేడికి వ్యాకోచిస్తుంటాయి. రాజు బతికాడో లేదో తెలుసుకోవాలని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు.

ఈ పుస్తకంలో చిక్కు ఏమిటంటే యాభై ఒకటో పేజీలో అడుగున చోటు లేదు. కాగితం మిగుల్చుకోవడానికో ఏమో అంచులు సన్నగా వదిలారు, ఆఖరి వాక్యం పేజీ నంబరును తాకేలా ఉంది. మొదటి పుస్తకం తెరిచి ఆమె ముద్ర చేతిలో పట్టుకుని ఆగింది. తరవాత పుస్తకాన్ని అడ్డంగా తిప్పి, పక్క అంచున, సగం ముద్ర కాగితం దాటిపోయేలా వేసింది. పని నడిచింది గానీ ప్రతిసారీ తిప్పాలి, మళ్ళీ తిప్పాలి. అడ్డం తిరిగిన పేజీ చదవడానికి కుదరలేదు. అలా పదకొండు.

పదకొండోదాని మీదే ముద్ర తేలిపోయింది. పన్నెండోది తెరిచేసరికి సిరా దిమ్మ ఆరింది. సీసాలోంచి నాలుగు చుక్కల ఊదా సిరా పోసి, అది ఇంకేదాకా కూర్చుంది. పేజీ ఎదురుగా ఉంది. చదివింది.

రాసినామె చిన్నప్పటి సంగతి. ఎనిమిదేళ్ళ పిల్ల, తల్లి వెంట ఒక పెద్దింటికి వెళ్ళేది. తల్లి గిన్నెలు తోమేది. ఒకరోజు ఆ ఇంట్లో వెండిగిన్నె కనబడలేదు. తల్లిని వాకిట్లో నిలబెట్టారు. కొంగు విదిలించమన్నారు, విదిలించింది. జుట్టు విప్పమన్నారు, విప్పింది. గిన్నె జుట్టులో ఎలా దాస్తారు అని పిల్ల అడగబోతే, తల్లి పిల్ల నోటి మీద తడి చెయ్యి పెట్టింది. ఆ చేతికి బూడిద వాసన. పేజీ అడుగున చివరి రెండు వరసలు:

"గిన్నె ఎవరు తీశారో వంటమనిషికి తెలుసు. ఆమె మా అమ్మ వైపు చూడలేదు, కంచంలోంచి తల ఎత్తకుండా తిన్నది. అమ్మను దొంగ అన్నవాళ్ళ ముఖాలు నాకిప్పుడు గుర్తు లేవు, ఆమె ముఖం గుర్తుంది."

ఆమె ఇంకొకసారి చదవలేదు. అవసరం లేకపోయింది. బయట ఎవరో కుర్చీ జరిపారు. గదిలో జిగురు వాసన. కళ్ళు వాటంతటవే కిటికీ వైపు వెళ్ళాయి. రెండు నెలల కిందట అక్కడే లైబ్రేరియన్ వీపు, రెక్క తీసి బయటికి వదులుతున్న పొగ, ఫోను మోగడం, గూట్లో అగ్గిపుల్ల పడేసి ఆయన గబగబా వెళ్ళిపోవడం. ఈ బల్ల దగ్గరే, ఈ స్టూలు మీదే తను కూర్చుని, చేతికి జిగురుంది, కడుక్కుని కిటికీ వేద్దాంలే అనుకోవడం. తరవాత భోజనాల గంట. తరవాత వాన.

దిమ్మ మీద ముద్ర అద్దింది. పుస్తకం తిప్పలేదు. పన్నెండో పుస్తకానికి ముద్ర అడుగునే, సరిగ్గా మధ్యలో పడింది. పద్ధతి ప్రకారం పడవలసిన చోటే.

మిగిలినవన్నీ అలాగే పడ్డాయి. తెరవడం, అద్దడం, నొక్కడం, ఆరేదాకా చూడడం. ప్రతిసారీ ముద్ర పడకముందు ఆ రెండు వరసలు ఒక్క క్షణం కనిపించేవి, తరవాత ఊదా రంగు వలయంలో అక్షరాలు మునిగిపోయేవి. కావాలని వేస్తున్నానా అని ఒకసారి తనను తాను అడిగింది. ఎవరూ లేని ఇంటి తలుపు తట్టినట్టుంది. బుధవారం సాయంత్రానికి ఆరువందల పన్నెండూ అయ్యాయి. కుడి చెయ్యి మణికట్టు దాకా తిమ్మిరెక్కి తనది కానట్టు ఒళ్ళో పడుంది.

శనివారం సాయంత్రం మేనకోడలు ఆ పుస్తకం పట్టుకుని వంటగది గుమ్మంలో కూర్చుంది. ఈ ఏడే కాలేజీలో చేరింది. ఆమె చిక్కుళ్ళు తుంచుతోంది. వదిన పొయ్యి దగ్గర ఉంది. అన్నయ్య లారీ తోలి వచ్చి ముందుగదిలో పడుకున్నాడు, అందుకని అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

"మీ అత్తకి ముద్రలేసీ ముద్రలేసీ చెయ్యి అలవాటైపోయిందే," అంది వదిన కూతురితో. "నిన్న కూరలో ఉప్పు కూడా గుద్దిగుద్ది వేసింది."

"అమ్మా, నీకు రుచి తెలీదు, ఊరుకో."

"అవునే తల్లీ, నాకేం తెలుసు. ఇరవై ఏళ్ళుగా మీ నాన్న చేత తిట్లు తినడమేగా నేనెరిగిన రుచి."

ఆమె పెదవి కొంచెం కదిలింది. వదిన అది చూసి తృప్తిపడి గరిట తిప్పింది. పిల్ల పేజీ తిప్పి ఆగింది. పుస్తకాన్ని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, బల్బు కేసి ఎత్తి పట్టుకుంది.

"అత్తా, దీని కిందేముంది?"

"దేని కింద?"

"ముద్ర కింద. రెండు లైన్లు మధ్యలో కనపడట్లేదు. గిన్నె ఎవరు తీశారో, అని ఉంది, అంతే."

చిక్కుడుకాయ నార చివరిదాకా తెగకుండా వచ్చింది. ఆమె దాన్ని పళ్ళెం అంచున పెట్టింది. "నాకేం తెలుసే."

"నువ్వేగా వేశావు?"

"వేసేవాళ్ళు చదువుతూ కూర్చుంటే పనవుతుందా," అంది వదిన. "ఆ పక్కపిల్లదాంట్లో చూసుకో, నిద్ర పోయేవాళ్ళని లేపకు."

పిల్ల ఫోను తీసి ఆ పేజీ ఫొటో తీసింది. మీ పుస్తకాల్లో ఈ లైను కనిపిస్తోందా అని క్లాసు గ్రూపులో అడిగింది. ఆమె ఇంకో కాయ తీసుకుంది. పది నిమిషాల్లో ఫోను టకటకా మోగడం మొదలుపెట్టింది. పిల్ల ముఖంలో మొదట నవ్వు, తరవాత ఆశ్చర్యం, తరవాత ఏదో పెద్దదాని అంచు దొరికినవాళ్ళకు వచ్చే గాంభీర్యం. "అందరి దాంట్లో అక్కడే ఉందత్తా. సరిగ్గా అక్కడే."

సోమవారం ఆమె లైబ్రరీ తాళం తీసేసరికే మెట్ల మీద పదిహేనుమంది ఉన్నారు. రోజూ "స్టాంపక్కా, ఇంకా తెరవలేదేం" అని వేళాకోళం చేసేవాళ్ళు ఇవాళ పక్కకు తప్పుకుని దారిచ్చారు. వాళ్ళలో గడ్డం కుర్రాడొకడు, విద్యార్థి సంఘం నాయకుడు, చేతిలో అట్టముక్క పట్టుకున్నాడు. దాని మీద ఎర్రరంగుతో రాసి ఉంది: మౌనం గురించి రాసిన వాక్యాన్నే మౌనం చేశారు. రంగు ఇంకా ఆరలేదు. ఆమె ఆ మాట చదివింది. అక్షరాలు బాగా కుదిరాయి, వరస వంగలేదు అనుకుంది.

సంగతి ఆదివారమే తేలిపోయింది. చర్చలు నడిపే మేడమ్ దగ్గర ప్రచురణకర్తలు ఇచ్చిన పుస్తకం ఉంది, దానికి ముద్ర లేదు. ఆవిడ ఆ రెండు వరసలూ గ్రూపులో చదివి వినిపించింది. అంతే. పుస్తకం మొత్తానికి గుండెకాయ లాంటి వాక్యం అదేనని, దాన్నే చెరిపేశారని, ఇది పైనుంచి వచ్చిన ఆజ్ఞ కాకపోతే ఇంకేమిటని పిల్లలు అడుగుతున్నారు. శనివారం దాకా పుస్తకం తెరవనివాళ్ళు కూడా ఆదివారం యాభై ఒకటో పేజీ దాకా వచ్చారు.

లైబ్రేరియన్ తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఎడమ పక్కన ఆమె ఫైలు ఉంది, నీలం అట్ట, తెల్ల దారం. దాని పక్కనే, వేరే క్లాసుల పిల్లల దగ్గరినుంచి తెప్పించిన పదకొండు పుస్తకాలు దొంతరగా పేర్చి ఉన్నాయి.

"వీటిల్లో పక్కన వేశావు," అన్నాడు. కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు. ఆమె అన్నయ్యకు కాలు విరిగినప్పుడు అడక్కుండానే వారం సెలవిచ్చిన మనిషి. "మిగతావాటికి అడుగున. వీటిల్లో పక్కన వెయ్యగలిగినప్పుడు వాటిల్లో ఎందుకు వెయ్యలేదని అడుగుతున్నారు. ఆ గడ్డం వాడు ఏకంగా లెక్కతీశాడు. వాడు పరీక్షలకి ఇంత కష్టపడితే బాగుపడును."

ఆమె ఫైలు దారం ముడి వైపు చూస్తోంది.

"చెయ్యి నొప్పెట్టి ఉంటుంది," అని ఆయనే అందించాడు. "ఒక్కో పుస్తకం తిప్పడం కష్టమైంది. పద్ధతి ప్రకారం అడుగున వేసుకుంటూ పోయావు. అంతేగా?"

"చెయ్యి తిమ్మిరెక్కింది సార్."

"అదే. అదే చెప్పు." ఊపిరి తీసుకున్నాడు. "ఇంకొకటి. వాళ్ళల్లో ఎవరో నీకు చదువు రాదని అన్నారట. నంబర్లు చూసి బీరువాలో సర్దడమే తప్ప అక్షరాలు తెలియవని. అప్పటి నుంచి నీ మీద మెత్తబడ్డారు. తప్పంతా చదువురాని మనిషి చేత ఇలాంటి పని చేయించిన మాది అంటున్నారు. అనుకోనీ. నేను పడతాను. రేపు హాల్లో కూర్చుంటారట, ఒక్క మాట అనేసి వచ్చెయ్యి. నీ ఫైలు ఆగకూడదు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. అద్దాలు లేని ఆ కళ్ళు చిన్నవిగా, అలసిపోయినట్టు కనిపించాయి. ఆ రోజు నేను చూశానని ఈయనకి తెలుసా? రెండు నెలలుగా ఆమె లోపల ఈ ప్రశ్న ఒక్కటే కాస్త ప్రాణంతో ఉంది. తెలిస్తే ఈ దయ ఒకటి. తెలియకపోతే ఈ దయ ఇంకొకటి. రెండిట్లో ఏది బరువో తూచబోయి, మధ్యలోనే మరిచిపోయేది.

ఇంటికి వెళ్ళేసరికి మేనకోడలు గేటు దగ్గరే కాచుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అత్తా, నేననుకోలేదు ఇంత అవుతుందని. ఊరికే అడిగానంతే. నిన్ను తీసెయ్యాలని కూడా అన్నారు కొందరు. అందుకని నేనే చెప్పేశాను."

"ఏం చెప్పావు?"

"నీకు చదువు రాదని." పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది. "వేరే ఏం తోచలేదు. అది వినగానే అందరూ అయ్యో అన్నారు. ఇంక నీ జోలికి రారు. మంచిదేగా? మేడమ్ కూడా, ఆమె లాంటి వాళ్ళ కోసమే ఈ పుస్తకం అన్నారు."

ఆమె పిల్ల వేళ్ళ కేసి చూసింది. చూపుడువేలు మొదలు దగ్గర ఇప్పటికీ కొంచెం పక్కకు వంగి ఉంటుంది. పలక మీద బలపం తప్పుగా పట్టుకునేది. ఈ చేతిని తన చేతిలో పెట్టుకుని 'అ' దిద్దించింది తనే, వంద సార్లో, వెయ్యి సార్లో.

"మంచిదే," అంది. "నీళ్ళు తాగు. ఏడవకు."

ఆ మాట ఎవరో వెనకనుంచి అన్నట్టు వినబడింది.

మంగళవారం మధ్యాహ్నం చదువుకునే హాల్లో బల్లలు జరిపి కుర్చీలు గుండ్రంగా వేశారు. అందరూ సమానం కాబట్టి గుండ్రంగా కూర్చోవాలని మేడమ్ చెప్పింది. నలభైమంది దాకా వచ్చారు. ఆమెను మేడమ్ పక్కన కూర్చోబెట్టారు. ఆ హాల్లో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. కుర్చీల కింద ఊడ్చని కాగితం ముక్కలు ఉండడం ఇక్కడినుంచి కనిపిస్తోంది. కొత్తగా వచ్చిన ఊడ్చే అమ్మాయికి మూలలు అందవు. పెద్దక్క అయితే కుర్చీ కుర్చీ ఎత్తి ఊడ్చేది, కూర్చుని చదువుకునేవాళ్ళను "కాళ్ళెత్తు బాబూ" అని గదమాయించేది.

గడ్డం కుర్రాడు లేచాడు. గొంతు బాగుంది. "మనం శత్రువు అనుకుని ఎవరి మీద పడ్డామో చూడండి. ఈ అక్క మీద. చదువు అందని మనిషి మీద. తను ఏ వాక్యం మీద ముద్ర వేస్తోందో తెలియని మనిషి మీద. తొమ్మిదేళ్ళు పుస్తకాల మధ్య ఉంచి ఒక్క అక్షరం నేర్పని ఈ సంస్థది తప్పు. అక్కా, మా అందరి తరఫునా క్షమించమని అడుగుతున్నాను."

చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోను ఎత్తి పట్టుకున్నారు. మేనకోడలు ఎదురుగా ఉంది, అందరికంటే గట్టిగా కొడుతోంది, చూపు మాత్రం నేల మీద ఉంది. లైబ్రేరియన్ తలుపు పక్కన కుర్చీ అంచున కూర్చుని, పర్వాలేదు అన్నట్టు ఆమెకు తల పంకించాడు.

మేడమ్ ఒక కాగితం తీసింది. "ఏం లేదమ్మా, ఇది ప్రిన్సిపాల్‌గారికి ఇస్తే నీ మీద ఏ చర్యా ఉండదు. నేను చదువుతాను, విను. 'నాకు చదవడం, రాయడం రాదు. పుస్తకంలో ఏమి రాసి ఉందో నాకు తెలియదు. తెలియక జరిగిన పొరపాటు.' అంతే. సరేనా?"

గడ్డం కుర్రాడు అంతకుముందే లోపలికి వెళ్ళి సిరా దిమ్మ తెచ్చాడు. ఆమె దిమ్మే, ఒక మూల రేకు వంగినది. మూత తీసి, రెండు చేతులతో, ఎంతో మర్యాదగా ఆమె ముందు పట్టుకున్నాడు.

ఆమె బొటనవేలు దిమ్మ మీద పెట్టింది. చల్లగా తగిలింది. వారం రోజుల్లో చేతికి ఏదైనా తగిలినట్టు తెలియడం అదే మొదలు. వేలు ఎత్తి చూసుకుంది. గీతల్లో ఊదారంగు సన్నగా పాకుతోంది. కాగితం ఒళ్ళోకి తీసుకుంది. పై వరస నుంచి కింది వరస దాకా కళ్ళు నడిచాయి. చదువు వచ్చినవాళ్ళ కళ్ళు నడిచినట్టే నడిచాయి. మేడమ్ దాన్ని చూసింది. పెన్ను మూత పెడుతున్న చెయ్యి ఆగింది.

"గిన్నె ఎవరు తీశారో వంటమనిషికి తెలుసు," అంది ఆమె.

గొంతులో ఎత్తూ పల్లమూ లేదు. వరస నంబర్లు చదివే గొంతే. "ఆమె మా అమ్మ వైపు చూడలేదు, కంచంలోంచి తల ఎత్తకుండా తిన్నది. అమ్మను దొంగ అన్నవాళ్ళ ముఖాలు నాకిప్పుడు గుర్తు లేవు, ఆమె ముఖం గుర్తుంది." తరవాత, "పదకొండు పుస్తకాలకి పక్కన వేశాను. పన్నెండోది చదివాను. చదివాక అడుగున వేశాను," అంది.

గడ్డం కుర్రాడు దిమ్మ ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాడు.

"అంటే... కావాలనేనా?" అన్నాడు. "ఎవరు వెయ్యమన్నారక్కా?"

"ఎవరూ వెయ్యమనలేదు."

"మరి ఎందుకు?"

ఆమె ఆ ప్రశ్నకు జవాబు వెతకలేదు. దాని పక్కన ఉన్నది చెప్పింది. "వానొచ్చిన రోజు బైండింగు గదిలో కిటికీ తీసింది పెద్దక్క కాదు. సార్ తీశారు. ఫోనొస్తే వెళ్ళిపోయారు. నేను బల్ల దగ్గరే ఉన్నాను. లేచి వెయ్యొచ్చు, వెయ్యలేదు. పెద్దక్కని అడుగుతున్నప్పుడు గుమ్మంలో ఉన్నాను. చెప్పొచ్చు. నా ఫైలు సార్ బల్ల మీదుంది. చెప్పలేదు."

పెద్దక్క ఎవరు అని ఒక పిల్ల పక్కపిల్లను గుసగుసగా అడిగింది. ఆ పిల్లకు కూడా తెలియదు. ఎత్తి పట్టుకున్న ఫోను మెల్లగా కిందికి దిగింది. వాళ్ళు ఒక అన్యాయం కోసం సిద్ధపడి వచ్చారు. ఇది వేరే. దీనికి అట్టముక్క రాసి లేదు.

లైబ్రేరియన్ లేచి నిలబడ్డాడు. ముఖం కాగితంలా అయిపోయింది. హాలు మొత్తాన్నీ మరిచిపోయి, వాళ్ళిద్దరే గదిలో ఉన్నట్టు అడిగాడు.

"నువ్వు చూశావా?"

"చూశాను సార్."

"ఇన్నాళ్ళూ..." అన్నాడు. ఆ మాట ఎవరినుద్దేశించో ఆయనకే తెలిసినట్టు లేదు. కుర్చీలో కూర్చోబోయి, కూర్చోకుండా, బయటికి నడిచాడు. తలుపు మాత్రం జాగ్రత్తగా దగ్గరికి వేసి వెళ్ళాడు.

ఆమె బొటనవేలికి అంటిన సిరా తుడుచుకోవడానికి ఏమీ దొరక్క, ఒళ్ళోని కాగితానికే తుడుచుకుంది. మేడమ్ రాసిన మూడు వాక్యాల మీద ఊదామరక పడింది. కాగితం బల్ల మీద పెట్టి, కుర్రాడి చేతిలోంచి దిమ్మ తీసుకుని, మూత పెట్టింది. తెరిచి ఉంచితే ఆరిపోతుంది.

సాయంత్రం మేనకోడలు ఆమె పక్కన నడిచింది. వీధి మలుపు దగ్గర, "నాకు అక్షరాలు నేర్పింది నువ్వని చెప్పి ఉండాల్సింది," అంది.

"చెబితే ఏమయ్యేది?"

పిల్ల ఆలోచించింది. "ఏమో," అంది.

మర్నాడు ఆమెను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. వెళ్ళింది. లైబ్రేరియన్ రాలేదు. ఆయన గది తెరిచే ఉంది. బల్ల మీద ఎడమపక్క ఫైలు ఉండే చోటు ఖాళీగా ఉంది. పైకి పోయిందో, సొరుగులోకి పోయిందో. ఆమె కాసేపు ఆ ఖాళీని చూసి, బైండింగు గదిలోకి వెళ్ళి, ఇటుకలు దించి, నలభై మూడు పుస్తకాల మధ్య కాగితాలు మార్చింది. వారం కాలేదు, మార్చనక్కరలేదు. మార్చింది. తరవాత కిటికీ గడియ తీసింది. బిగుసుకుపోయింది, రెండు చేతులూ పెట్టి నెట్టవలసి వచ్చింది. కాసేపు గాలి రానిచ్చి, మళ్ళీ వేసి, గడియ పడిందో లేదో లాగి చూసింది.

భోజనాల గంటకు బయటికి వచ్చింది. పెద్దక్క ఇప్పుడు రెండు వీధుల అవతల పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తోందని ఎప్పుడో విన్నది. విని, ఆ వీధిలోంచి వెళ్ళడం మానేసింది.

రోగులు కూర్చునే గదిలో ఎవరూ లేరు. గోడ మీద నవ్వుతున్న పళ్ళ బొమ్మ. మూల బెంచీ మీద పెద్దక్క టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని తింటోంది. బకెట్టు, తడిగుడ్డ కాళ్ళ దగ్గర ఉన్నాయి. జుట్టు ఇంకాస్త నెరిసింది. ఆమెను ఒకసారి చూసి, మళ్ళీ డబ్బాలోకి చూసుకుంది.

ఆమె ఎదుటి బెంచీ మీద కూర్చుంది.

"అక్కా, ఆ కిటికీ నువ్వు తియ్యలేదని నిన్న అందరి ముందూ చెప్పాను."

పెద్దక్క నములుతోంది.

"సార్ తీశారని చెప్పాను. నేను చూశానని కూడా."

పెద్దక్క ముద్ద కలుపుకుంది. తల ఎత్తలేదు. డబ్బా అడుగున వేళ్ళు మెల్లగా తిరుగుతున్నాయి. ఆమె ఆ వేళ్ళను చూస్తూ కూర్చుంది. ఎదుటి మనిషి తల ఎత్తకుండా తింటుంటే ఎలా ఉంటుందో ఆమెకు పేజీలో తెలుసు. ఇక్కడ నమిలే చప్పుడు కూడా వినబడుతోంది. లోపల ఏదో కదిలింది. అది ఏమిటో పేరు పెట్టడానికి ఆమె ప్రయత్నించలేదు. దాన్ని అక్కడే ఉండనిచ్చింది.

చివరి ముద్ద అయ్యాక పెద్దక్క డబ్బా మూత పెట్టింది. "నాకు తెలుసు నువ్వు చూశావని," అంది. "ఆ రోజు గుమ్మంలో నీ చేతులకి జిగురుంది. ఎండిపోయి తెల్లగా. నన్ను అడుగుతున్నంతసేపూ గోటితో గీక్కుంటూ నిలబడ్డావు."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. కుడి బొటనవేలు ఇంకా ఊదాగా ఉంది.

పెద్దక్క లేచి, డబ్బా కడిగి వచ్చి, గుడ్డ బకెట్టులో ముంచి పిండింది. గది అవతలి గోడ నుంచి తుడవడం మొదలుపెట్టింది. మూలల్లోకి గుడ్డ దోపి, బెంచీల కింద చెయ్యి చాచి, వరసగా వెనక్కి వస్తోంది. ఆమె కూర్చున్న బెంచీ దాకా వచ్చింది. తడినేల మధ్యలో ఆమె చెప్పుల చుట్టూ మాత్రం కాస్త పొడిచోటు మిగిలింది.

పెద్దక్క అప్పుడు తల ఎత్తింది.

"కాళ్ళెత్తు," అంది.

ఆమె కాళ్ళు ఎత్తింది.